చెరువు కంపకు మళ్లీ వేలం వేసేముందు మా మాట వినండి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అటవీ, పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, జలవనరులు, పరిశ్రమల శాఖల అధికారులకు, మెట్ట ఊళ్ల సర్పంచులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కడప జిల్లాలో ఒక మెట్ట ఊరి వడ్రంగిని. ఈ లేఖ రాసింది నేనైనా ఇందులోని మాటలు నా ఒక్కడివి కావు. మా పొదుపు సంఘం ఆడవాళ్లు, తోటి వడ్రంగులు, కంప కొట్టే కూలీలు కూర్చుని మాట్లాడుకున్నవే రాస్తున్నాను.

మా చెరువుల్నీ బీళ్లనూ కమ్మేసిన ముళ్లచెట్టు సర్కారు తుమ్మ. ఈ లేఖలో తుమ్మ అన్నా, కంప అన్నా అదే. ఆ కర్రతో ఊళ్లోనే వస్తువులు చేసి అమ్ముకుంటాం, దానికి ఏర్పాటు చేయండి అని అర్జీలు పెట్టుకున్నాం. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం, మండలంలో ఇచ్చాం. చెరువు మా కిందికి రాదని ఒక ఆఫీసులో అన్నారు. చెట్టు మా కిందికి రాదని ఇంకో ఆఫీసులో అన్నారు. చేతిపనుల పథకంలో తుమ్మకర్ర అనేదే లేదని మూడో చోట చెప్పారు. కొన్నాళ్లకు అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఇప్పటికీ మాకు తెలియదు. ఇది ఏ ఒక్కరి తప్పూ అని నేను అనడం లేదు. ఇన్ని శాఖల మధ్య పడిన పని కాబట్టి ఎవరికి వాళ్లు పక్కకు జరిపారు. అందుకే అన్ని శాఖలకూ కలిపి, నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

ముందు మా చెరువులో జరిగేది చెప్తాను. చాలా ఊళ్లలో జరిగేదీ ఇదే.

నీళ్లు నిలవాల్సిన చోట చాలా మేర తుమ్మే ఉంది. కొన్నేళ్లకోసారి కంపకు వేలం వేస్తారు. పాటదారు బయటి నుంచి కూలీలను దింపి, మోకాలెత్తున నరికించి, సన్నదీ లావుదీ కలిపి లారీలకెత్తి బొగ్గు బట్టీలకో ఇటుక బట్టీలకో తోలేస్తాడు. మొద్దు నేలలోనే ఉంటుంది. నాలుగు వానలు పడగానే ఆ మొద్దు చుట్టూ పిలకలు లేస్తాయి. ఒక్క మాను ఉన్న చోట రెండు మూడేళ్లకు మనిషి దూరలేని పొద తయారవుతుంది. వేలం డబ్బు పంచాయతీ ఖాతాలో జమ అవుతుంది, చెరువు మాత్రం ముందుకన్నా చిక్కగా మూసుకుపోతుంది. ఉపాధి హామీలో జంగిల్ క్లియరెన్స్ చేసినప్పుడూ ఇదే కథ. వేరుతో పెకలించాలంటే కూలి ఎక్కువ పడుతుంది, కొలతల్లో ఆ కష్టానికి లెక్క దొరకదు, అందుకని పైపైన కొట్టి వదిలేస్తారు.

మేం అడుగుతున్నదంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. వేరుతో తీయడానికి కావాల్సిన డబ్బులో కొంతైనా ఆ కర్రలోనే ఉంది. దాన్ని బట్టీలో కాల్చేస్తున్నాం.

ఈ చెట్టు మన నేల మీద పుట్టింది కాదు. దాని సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. 1870ల చివర్లో మద్రాసు అటవీ శాఖ విత్తనాలు తెప్పించి మా జిల్లా కమలాపురంలోనే నాటించింది. దేశంలో మొట్టమొదట నాటిన చోట్లలో అదొకటి. వంటచెరకు కోసం, బీడు నేలలు పచ్చబడడం కోసం నాటారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే కారణంతో పెంచారు. అప్పటి ఆలోచనను నేను తప్పుపట్టను. కరువు సీమలో తరాలుగా పేదల పొయ్యి మండింది ఈ కట్టెతోనే. కాకపోతే, నాటించినవాళ్లు దాన్ని అదుపులో ఉంచే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

తుమ్మ ఆకును మేకలు కూడా పెద్దగా ముట్టవు. కాయ మాత్రం తియ్యగా ఉంటుంది కాబట్టి మేకలు, గొర్రెలు, ఆవులు అన్నీ తింటాయి. గింజ కడుపులో అరగదు. ఏ బీడులో పేడ పడితే ఆ బీడులో మొలుస్తుంది. పెంట ఎరువుతో పాటు చేలోకీ వస్తుంది. ఇది గాలిలో తేమ పీల్చేస్తుందని, ఆక్సిజన్ ఇవ్వదని వాట్సాప్‌లో తిరిగే మాటలు నేను నమ్మను. అలాంటివి చెప్పి జనాన్ని భయపెట్టాల్సిన అవసరం కూడా లేదు. కళ్ల ముందు కనిపించే నష్టమే చాలు.

ఇక కర్ర సంగతి. "తుమ్మకట్టె పొయ్యిలోకి తప్ప దేనికి పనికొస్తుందయ్యా" అని ఆఫీసుల్లో చాలామంది అన్నారు కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి.

లావుపాటి తుమ్మ మాను అడ్డంగా కోస్తే అంచున లేత పసుపు రంగు తెల్లచెక్క ఉంటుంది, లోపల చేవ. చేవ ఎండు ఖర్జూరం రంగులో ఉంటుంది, గాలి తగిలేకొద్దీ ఇంకా ముదురుతుంది. టేకు కన్నా బరువు, గట్టిదనం కూడా ఎక్కువే. బాగా ఆరిన చేవ మళ్లీ వంకర పోదు, తొందరగా చీలదు. ఉలి మొండికేస్తుంది కానీ లేత్ మీద ఎక్కిస్తే నున్నగా వస్తుంది, గాజు కాగితం పట్టి నూనె రుద్దితే వేరే పాలిష్ అక్కర్లేదు. అర్జెంటీనాలో దీని జాతికే చెందిన అల్గరోబో కర్రతో తలుపులు, బల్లలు, కుర్చీలు చేస్తారు. అమెరికాలో టెక్సస్ వాళ్లు మెస్కీట్ పేరుతో ఇదే జాతి కర్రను ఇళ్లలో నేలకు పరుస్తారు, ఫర్నిచర్ చేసుకుంటారు.

దీని లోపాలు కూడా దాచను. మాను పొట్టిగా, వంకరగా పెరుగుతుంది. కణుపులు ఎక్కువ. ద్వారబంధానికీ మంచం పట్టెకీ సరిపడే పొడుగు దొరకడం కష్టం. తెల్లచెక్కకు పుచ్చు పడుతుంది. కొట్టిన కర్రను అలాగే పడేస్తే కొన్ని నెలలకే కింద పిండి రాలుతుంది. ఎండలో ఆరబెడితే కొసల నుంచి నెర్రెలు విచ్చుతుంది. వీటన్నిటికీ మందు ఉంది. కొట్టిన రోజే కొసలకు మైనమో పెయింటో పూయాలి. పలకలుగా కోసి, మధ్యన సన్నటి పుల్లలు పెట్టి గాలి ఆడేలా నీడలో పేర్చాలి. తెల్లచెక్కను బోరిక్ యాసిడ్, బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెట్టాలి, లేదా వంటసామాన్లకు వాడేటప్పుడు తీసేసి చేవ మాత్రమే వాడాలి. ఇవేవీ పెద్ద ఫ్యాక్టరీ పనులు కావు. ఒక షెడ్డు, ఒక తొట్టి, ఓపిక ఉంటే ఊళ్లో జరిగేవే.

పొడుగు అక్కర్లేని వస్తువులు మన ఇళ్లలో ఎన్ని లేవు! పప్పుగుత్తి, కవ్వం, అప్పడాల కర్ర, చపాతీ పీట, గరిటెలు, పార కామ, గొడ్డలి కామ, కొడవలి పిడి, బొంగరం, పిల్లలు నడక నేర్చుకునే మూడు చక్రాల బండి, ముక్కాలిపీట. చిన్న పలకలను పక్కపక్కన అతికిస్తే కూరగాయలు తరిగే చెక్క, బల్ల పైభాగం కూడా వస్తాయి. మాటవరసకు ఒక్కటి చూడండి. మామూలు బట్టీలో కిలో బొగ్గు కావాలంటే నాలుగైదు కిలోల కర్ర కాలిపోవాలి. ఆరిన చేవ ఒక్క కిలో ఉంటే నేను మూడు నాలుగు పప్పుగుత్తులు తీయగలను. వాటిని కోయడం, తిప్పడం, గాజు కాగితం పట్టడం, నూనె రుద్దడం, కట్టలు కట్టడం అన్నీ మనిషి చేతి పనే. ఆ కూలి అంతా ఊళ్లోనే ఉంటుంది.

లారీ కంపలో చేతిపనికి అక్కరకొచ్చే లావు దుంగలు కొంచెమే ఉంటాయని నాకు తెలుసు. మిగతాది కట్టెలకు, బొగ్గుకు పోక తప్పదు. ఆ కొంచెం ముందే ఏరి పక్కన పెట్టమంటున్నాం, అంతే.

ఇప్పుడున్న పద్ధతి వల్ల మామూలు జనానికి జరుగుతున్న నష్టం ఇది:

1. పని లేక వలస. మెట్ట ఊళ్లలో ఖరీఫ్ అయిపోతే చేతిలో పని ఉండదు. కుటుంబాలు బెంగళూరు, హైదరాబాద్ కట్టుబడి పనులకు పోతాయి, ముసలివాళ్లు ఊళ్లో మిగులుతారు, పిల్లల చదువు మధ్యలో ఆగుతుంది. ఏ నెలల్లో జనం ఊరు విడుస్తారో, చెరువు ఎండి కంప కొట్టడానికి వీలయ్యేది కూడా ఆ నెలల్లోనే. పని ఊరి పక్కనే ఉండగా ఊరు ఖాళీ అవుతోంది.

2. చెరువు, ఆయకట్టు. కంప వేళ్ల దగ్గర ఒండ్రు పేరుకుని చెరువు లోతు తగ్గుతుంది. కట్ట మీద మొలిచినవి కట్టను బలహీనం చేస్తాయి. పంట కాలువల్లో మొలిచినవి చివరి ఎకరాలకు నీళ్లు పోనివ్వవు. ఎప్పుడూ ఎండేది ఆ చివరి ఎకరాల సన్నకారు రైతే.

3. మేత. తుమ్మ కింద గడ్డి సరిగా మొలవదు. ఊరుమ్మడి బీళ్లన్నీ కంప అయిపోయాక గొర్రెల కాపరులు మంద తోలుకుని ఇంకా ఇంకా దూరం పోతున్నారు. సొంత భూమి లేనివాళ్లకు ఆ బీడే ఆస్తి.

4. ముల్లు. దీన్ని లెక్కలో ఎవరూ రాయరు. తుమ్మ ముల్లు చెప్పును చీల్చుకుని పాదంలోకి దిగుతుంది, కొస లోపలే విరుగుతుంది. నాలుగు రోజులకు కాలు చీము పడుతుంది. కూలి మనిషికి ఆ వారం కూలి పోయినట్టే, మీద డాక్టరు ఖర్చు. చేతి తొడుగులు, బూట్లు లేకుండా కంప కొట్టే ఆడవాళ్ల చేతులు ఒక్కసారి చూడండి. అరచేతి మీద, మణికట్టు మీద పాత గీతల పైన కొత్త గీతలు, ముల్లు విరిగిన చోట నల్లటి చుక్కలు.

5. బట్టీ కూలీలు. బొగ్గు కాల్చే పనికి వచ్చేవాళ్లలో చాలామంది అడ్వాన్సు తీసుకుని దానికి కట్టుబడిపోయినవాళ్లు. కుటుంబమంతా ఆ పొగలోనే వంట, ఆ పొగలోనే పడక. కర్రకు ఊళ్లో ఇంకో దారి ఉంటే వాళ్లలో కొందరికైనా వేరే పని దొరుకుతుంది.

6. వడ్రంగి పని. నాగలి, బండి పోయాయి. తలుపులు, కిటికీలు ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయి. మా కుర్రాళ్లు పట్నంలో ప్లైవుడ్ కబోర్డులు బిగించే పనికి పోతున్నారు. వాళ్ల చేతిలో ఉన్న పనితనం వాళ్లతోనే పోతుంది. మంచి కర్ర కొందామంటే మా తాహతుకు మించిన ధర.

ఇదంతా ఒక వడ్రంగి కల అని కొట్టిపారేయకండి, వేరే చోట్ల చేసి చూపించారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 1995లో 'వర్కింగ్ ఫర్ వాటర్' అనే కార్యక్రమం మొదలుపెట్టి, నీళ్లకు అడ్డంపడే పరాయి చెట్లను తొలగించే పనిని ఉద్యోగాలు లేని పేదలకు ఇచ్చింది. తర్వాత ఆ కర్రతోనే బడి పిల్లలకు డెస్కులు చేయించింది. మన పక్కన కర్ణాటకలో, మలై మహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు లాంటానా అనే పరాయి పొద కొమ్మలను ఉడికించి, తోలు ఒలిచి, పేము బదులు దాంతో కుర్చీలు, బుట్టలు అల్లుతున్నారు. నీలగిరి ప్రాంతపు ఆదివాసీలు అదే లాంటానాతో నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేస్తే 2021లో లండన్ పార్కుల్లో పెట్టారు, 2024లో అమెరికాకు తీసుకుపోయారు. లాంటానా అంటే మన నల్లమలలోనూ ఉన్నదే. దేశంలో లక్షా 54 వేల చదరపు కిలోమీటర్ల అడవిని ఆక్రమించిందని 2020లో శాస్త్రవేత్తలు లెక్కగట్టిన మొక్క అది.

మన రాష్ట్రంలోనే నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పనిలో ఆడవాళ్లే ఎక్కువ. చేతిపనికి విలువ కట్టే జనం ఉన్నారనడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. బొమ్మలు చేసే కొండపల్లి వాళ్లకు పొణికి కర్ర, ఏటికొప్పాక వాళ్లకు అంకుడు కర్ర మెత్తగా ఉంటేనే పని నడుస్తుంది. వాళ్లను తుమ్మకు మారమనడం తెలివితక్కువ. తుమ్మకు తగిన వస్తువులు వేరు, ఆ మార్కెట్ వేరు.

మీ వైపు నుంచి వచ్చిన అనుమానాలు విన్నాం. వాటిలో న్యాయమైనవి ఉన్నాయి.

తుమ్మ పేరు చెప్పి ఎర్రచందనం దాటిస్తారేమో అన్నది మొదటిది. శేషాచలం పక్కనే ఉన్న మాకు ఆ భయం అర్థమవుతుంది. కానీ మేం అడిగేది చెరువుల్లోని, పంచాయతీ బీళ్లలోని తుమ్మ. దుంగలు మూడు నాలుగు అడుగులకు మించి ఉండవు. పంచాయతీ దగ్గరే లెక్క రాసి, ముద్ర వేసి, ఫొటో తీసి ఊరి షెడ్డుకు పంపవచ్చు. రోడ్డెక్కేది కర్ర కాదు, తయారైన వస్తువు.

దీనికి గిరాకీ వస్తే జనం కావాలని తుమ్మ పెంచుతారేమో అన్నది రెండోది. ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం. అందుకే వేరుతో తీసిన చోటి కర్రకే ఈ ఏర్పాటు వర్తించాలి, తీసిన చోట మళ్లీ ఏం పెంచాలో ముందే రాసుకోవాలి. ఒక చెరువు అయిపోతే ఇంకో చెరువు. జిల్లాలో ఉన్న తుమ్మ మా తరానికి సరిపోగా ఇంకా మిగులుతుంది.

పేదల వంటచెరకు మాటేమిటి అన్నది మూడోది. మేం కూడా ఆ పేదలమే. సన్న కొమ్మలు ఊరివాళ్లకు వదలాలని మేమే అడుగుతున్నాం. ఇప్పుడు వేలంలో అవి కూడా పాటదారు లారీలోకే పోతున్నాయి.

కాబట్టి మా కోరికలు ఇవి:

1. వేలం షరతులు మార్చండి. మొద్దును నేలకు కనీసం జానెడు లోతు వరకు వేరుతో సహా తీయాలని రాయండి. పాటదారు డిపాజిట్‌లో కొంత ఆపి, తర్వాతి వానలకు పిలకలు లేవలేదని గ్రామసభ చూశాకే తిరిగి ఇవ్వండి.

2. నాలుగు అంగుళాల కన్నా లావున్న దుంగలను, పెకలించిన పెద్ద మొద్దులను విడిగా పేర్పించండి. వేలంలో పడిన ధరకే వాటిని కొనుక్కునే మొదటి హక్కు ఊరి వడ్రంగుల, పొదుపు మహిళల సంఘానికి ఇవ్వండి. ఉచితంగా అడగడం లేదు.

3. ఏ కాగితం కావాలో ఒక్క పేజీలో, తెలుగులో చెప్పండి. చెరువులో కొట్టిన తుమ్మకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ఎవరి అనుమతి కావాలి, రవాణా పర్మిట్ అవసరమా, ఊరి షెడ్డులో చిన్న బ్యాండ్ రంపం పెట్టుకుంటే రంపపు మిల్లు లైసెన్సు కిందికి వస్తామా? ఆఫీసుకో జవాబు రాకూడదు. 2017లో కేంద్రం అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేసింది. ఆ ఒక్క సవరణతో రైతులకు ఎంత వెసులుబాటు కలిగిందో మీకు తెలుసు. ఊరు పీకేయమంటున్న చెట్టుకు అంతకన్నా ఎక్కువ అడ్డంకులు ఉండకూడదు. అడవి లోపల ఉండే చెంచులకైతే 2006 అటవీ హక్కుల చట్టమే చిరుకంపను, మొద్దులను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. ఆ హక్కు కాగితం మీద నుంచి చేతికి రావాలి.

4. ముందుగా ఒక్క మండలంలో ఒక షెడ్డు పెట్టండి. రెండు లేత్‌లు, ఒక బ్యాండ్ రంపం, పుచ్చు మందు తొట్టి, ఎండ వేడితో కర్ర ఆరబెట్టే గది. బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ కలప శాస్త్ర సంస్థ ఉంది, వడ్రంగి శిక్షణ కూడా ఇస్తుంది. మన రాష్ట్రంలో జాతీయ డిజైన్ సంస్థ ఉంది. వాళ్లను మా దగ్గరికి తీసుకురండి. 2023లో మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో వడ్రంగులకు 15 వేల రూపాయల పనిముట్ల సాయం, అప్పు ఉన్నాయి. మంచిదే. కానీ గాజు కాగితం పట్టే, నూనె రుద్దే, రంగు వేసే ఆడవాళ్లు ఆ జాబితాలో ఎక్కడా లేరు. పనిలో ఎక్కువ గంటలు వాళ్లవే. పొదుపు సంఘాలను చూసే సెర్ప్ ద్వారా వాళ్లకూ శిక్షణ, శిక్షణ రోజుల కూలి ఇప్పించండి.

5. కొనండి. అన్నిటికన్నా బరువైన కోరిక ఇదే. సబ్సిడీ మీద షెడ్లు కట్టి, మిషన్లు ఇచ్చి, ప్రారంభోత్సవం చేసి, సరుకు అమ్ముడుపోక తాళం వేసిన కేంద్రాలు ఎన్ని చూడలేదు! మిషన్ల కన్నా ముందు ఆర్డరు ఇవ్వండి. రాష్ట్రంలో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. కేంద్రానికి ఒక చెక్కబొమ్మల సెట్టు, ఒక ముక్కాలిపీట అనుకున్నా జిల్లాల్లో ఎన్ని షెడ్లకు ఎన్నేళ్ల పనో లెక్క వేయండి. ఉపాధి హామీ పనులకు కొనే పారలకు కామలు మా దగ్గర చేయించండి. ప్రభుత్వ చేతిపనుల లేపాక్షి షోరూముల్లో తుమ్మ వస్తువులకు ఒక అర ఇవ్వండి. చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం సరుకు తీసుకున్నాక 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. మాకు కూడా ఆ రూలు తప్పకుండా పాటించండి. మూడు నెలలు బిల్లు ఆగితే పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, మా సంఘం అక్కడితో మూతపడుతుంది.

6. కంప కొట్టేవాళ్లకు బూట్లు, తోలు తొడుగులు, కళ్లద్దాలు పనితో పాటే ఇవ్వండి. వేరుతో తీసే పనికి కొలత రేటు విడిగా కట్టండి. మట్టి తవ్వకం రేటుతో తుమ్మ మొద్దు లేవదు.

7. తీసిన చోట నేలను ఖాళీగా వదలకండి. చెరువు అంచున మన నేల చెట్లయిన నల్లతుమ్మ (ఇది సర్కారు తుమ్మ కాదు), కానుగ, వేప, బీళ్లలో పశువుల గడ్డి వేయించండి. తుమ్మ గింజ మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది కాబట్టి కనీసం మూడేళ్లు ఏటా మొలకలు పీకే పని ఉపాధి హామీలో పెట్టండి. సన్న కొమ్మలు ఊరి ఇళ్లకు వదలండి. కాయలను పిండి ఆడిస్తే గింజ చస్తుంది, పశువుల దాణాలో కలుపుకోవచ్చు. ఏరుకొచ్చినవాళ్లకు అదొక ఆదాయం.

8. తమిళనాడు 2022లో పరాయి మొక్కల నిర్మూలనకు, అడవుల పునరుద్ధరణకు రాష్ట్ర విధానం తెచ్చుకుంది. మనకూ ఒకటి కావాలి. అందులో ఊరి ఉపాధికి ఒక అధ్యాయం ఉండాలి. ఏ శాఖ ముందు నడుస్తుందో పేరు పెట్టి రాయాలి.

వీటిలో మొదటి మూడింటికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. ఎండాకాలం వచ్చి చెరువులు ఎండగానే మళ్లీ వేలం ప్రకటనలు వస్తాయి. ఆ లోపు ఆ మూడింటికి అవునో కాదో రాతపూర్వకంగా చెప్పండి. కాదంటే ఏ రూలు అడ్డమో అది కూడా రాయండి, దాన్ని మార్చమని ఎవరిని అడగాలో వాళ్లనే అడుగుతాం. తుమ్మ చేవతో చేసిన పప్పుగుత్తులు, పీటలు, కామలు మా దగ్గర ఉన్నాయి. ఏ ఆఫీసుకు ఎప్పుడు రమ్మంటే అప్పుడు తెస్తాం. మీరే చేత్తో పట్టుకుని, కావాలంటే నేలకేసి కొట్టి చూడండి.

ఇట్లు,
కడప జిల్లా నుంచి ఒక వడ్రంగి,
మా ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లు, కంప కూలీల తరఫున కూడా